ఎడమకు తిరిగిన పడవ

సీల్ కోవ్ చర్చి పక్కన నిలబెట్టిన నల్లరాయి మీద యుద్ధంలో పోయిన కుర్రాళ్ల పేర్లన్నీ చెక్కారు, ఒక్కటి తప్ప. ఆ ఒక్కదానికీ చోటు మాత్రం వదిలారు. అక్కడ హెక్టర్ బీటన్ పేరు పడుతుందా లేదా అన్నది ఈ ఆదివారం మధ్యాహ్నం తేలిపోవాలి.

చోటు ఎందుకు వదిలారో ఊళ్లో పసిపిల్లకైనా తెలుసు. వసంతకాలంలో హాలెండులో నది దాటుతుండగా, తుపాకీ గుళ్లకు బెదిరి హెక్టర్ పడవను వెనక్కి తిప్పేశాడని, అది బోర్లా పడి అందరూ మునిగిపోయారని సైన్యం చెప్పింది. బతికి బయటపడ్డ ఒకే ఒక్కడు సార్జెంట్ డన్నింగ్ ఇచ్చిన సాక్ష్యం అది. మునిగినవాళ్లలో సేడీ మెకైజాక్ ఒక్కగానొక్క కొడుకు కాలిన్ కూడా ఉన్నాడు. "నా బిడ్డను ముంచినవాడి పేరు నా బిడ్డ పేరు కింద చెక్కితే, ఆ రాయిని నేనే సముద్రంలోకి దొర్లిస్తాను" అని సేడీ పాదిరీ మొహం మీదే చెప్పింది. పాదిరీ ఆ సార్జెంటునే పిలిపించాడు. ఊరందరి ముందూ నోరు విప్పి చెప్పమన్నాడు.

ఉత్తరాల స్టీమరు సార్జెంటును ఇవతలి రేవులో దింపింది. చర్చి అవతలి గట్టున ఉంది. పాదిరీ పంపిన కారు కొండ చుట్టూ తిరిగి వచ్చేలోపే హెక్టర్ అక్క మోరాగ్ ఆయన పెట్టె అందుకుని తమ పడవలో పడేసింది. పోయిన వారం మనం ఆగింది అక్కడే.

"కారు వస్తుందన్నారండీ" అన్నాడు డన్నింగ్, రేవు అంచున నిలబడి కింద ఊగుతున్న పడవను అనుమానంగా చూస్తూ.

"ఆ దారిలో వెళితే మీ పళ్లు రాలిపోతాయి సార్జెంటు గారూ. ఊరివాళ్లతో మాట్లాడాలిగా, పళ్లుండాలి. దిగండి" అంది మోరాగ్.

పడవ ముందుభాగంలో ముసలి రోరీ బీటన్ అప్పటికే కూర్చుని ఉన్నాడు. కూతురు ఏం చేయబోతోందో ఆయనకు తెలియదు. ఆమెకే సరిగ్గా తెలియదు. పోయినవాడు తన చేతుల్లో పెరిగిన తమ్ముడు. వాడి చివరి ఘడియలు చూసిన మనిషిని ఊరి ముందు నిలబెట్టకముందే తాను ఒకసారి వినాలి. అంతవరకే అనుకుంది.

డన్నింగ్ పోలీసు స్టేషను మెట్లు దిగే దొంగలా మెల్లగా నిచ్చెన దిగి, మధ్య పలక మీద కూలబడి, రెండు చేతులతో దాన్ని పట్టుకున్నాడు. ముప్పై దాటని మనిషి. ఎర్రటి మెడ, మంచి బూట్లు.

"ఏ ఊరు బాబూ నీది?" అడిగాడు రోరీ.

"సస్కాచివాన్ అండీ, సముద్రానికి చాలా దూరం. గోధుమ పండిస్తాం."

"మీ ఊళ్లో వంతెన ఉందా?"

"ఉందండీ."

"దాని కింద నీళ్లున్నాయా?"

డన్నింగ్ ఆలోచించాడు. "ఏప్రిల్లో ఉంటాయండీ."

"అయితే గట్టిగానే పట్టుకో" అన్నాడు రోరీ, పైపులో పొగాకు కూరుతూ.

మోరాగ్ ఇంజను చక్రం తిప్పింది. రెండుసార్లు దగ్గి, మూడోసారికి అందుకుంది. ఆమె చుక్కాని కర్రను నడుముకు ఆనించుకుని పడవ ముక్కును కుడివైపు తిప్పింది. చర్చి ఎడమన కనిపిస్తోంది. పడవ మాత్రం కుడికి తిరిగి, పెద్ద చుట్టు చుట్టి, అప్పుడు దారిన పడింది.

"ఎటెటో తిప్పుతున్నారే. ఆ కనిపించేదేగా చర్చి?" అన్నాడు డన్నింగ్.

"ఇక్కడి అలవాటు" అంది మోరాగ్. అంతకంటే చెప్పలేదు. చెప్పాలని తోచలేదు కూడా. ఊపిరి ఎందుకు పీలుస్తున్నావని అడిగితే ఎవరైనా ఏం చెబుతారు.

నీళ్లు నెమ్మదిగా ఉన్నాయి. శరత్కాలపు ఎండ కొండ మీది మేపుల్ చెట్లను మండిస్తోంది. మోరాగ్ కాసేపు ఆయన్ను అలవాటు పడనిచ్చింది. తరువాత, రొట్టె ముక్క ఇమ్మని అడిగినంత తేలిగ్గా, అడిగింది.

"మా తమ్ముడు మీకు బాగా తెలుసా?"

"లేదండీ. నేను ఆ దళంలోకి వచ్చి వారం కూడా కాలేదు. వాళ్ల పాత సార్జెంటు పోతే నన్ను వేశారు. అతను సముద్రం ఒడ్డు మనిషని చెప్పారు. అందుకే వెనక కూర్చోబెట్టి తెడ్డు ఇచ్చాను."

"సముద్రం వాసన పడకే వాడు నావికుల్లో చేరలేదు" అన్నాడు రోరీ. "'ఒక్క ఏడాదైనా చేపల కంపు లేని చోట బతుకుతాను నాన్నా' అని కాలినడకన పోయే సైన్యంలో చేరాడు. వాళ్లు వాణ్ని తీసుకెళ్లి మళ్లీ పడవలోనే కూర్చోబెట్టారన్నమాట."

డన్నింగ్ నవ్వబోయి మానుకున్నాడు.

"ఎలా జరిగిందో చెప్పండి. అక్కడ అందరి ముందూ చెప్పేదే, ఇక్కడ ముందు మాకు చెప్పండి" అంది మోరాగ్. "మెత్తగా చెప్పక్కర్లేదు. ఉన్నదున్నట్టు చెప్పండి."

ఆయన చెప్పాడు. చాలాసార్లు చెప్పి అరిగిపోయిన మాటల్లా వచ్చాయి మొదట్లో. తెల్లవారి మంచు. దాని మీద మనవాళ్లు వదిలిన పొగ. కాన్వాసు పడవ, ఇరువైపులా తెడ్లు వేసే కుర్రాళ్లు, వెనక హెక్టర్. నది మధ్యకు చేరేసరికి గాలి తిరిగి పొగ విడిపోయింది. అవతలి గట్టు నుంచి మరతుపాకీ మొదలైంది.

"నేను అతని ముందే, మోకాళ్ల మీద ఉన్నాను. వెనక భాగంలో మేమిద్దరమే. ముందుకే పోనివ్వమని అరిచాను. అతను వినలేదు. తెడ్డు ఇలా లాగేశాడు." డన్నింగ్ పలక వదిలి చేత్తో చూపించాడు. మాటల్లో ఇప్పుడు ప్రాణం వచ్చింది; కళ్లు ఆ నది మీదే ఉన్నాయి. "ముక్కు ఒక్కసారిగా ఎడమకు తిరిగింది. మూటలు, పెట్టెలు, మనుషులు అందరూ కుడి పక్కకు జారిపోయారు. ఆ అంచు మీంచి నీళ్లు లోపలికొచ్చేశాయి. అంతే. బూట్లు, మూటలు, తుపాకులు... ఒక్కడూ తేలలేదు."

ముందుభాగంలో అగ్గిపుల్ల గీసిన చప్పుడైంది. పైపు వెలగలేదు. రోరీ పుల్లను వేళ్ల దాకా కాలనిచ్చి నీళ్లలో పడేశాడు.

"ఏ పక్కకు తిరిగిందన్నారు?" అంది మోరాగ్.

"ఎడమకండీ."

"సరిగ్గా గుర్తుందా?"

"నిద్రలో కూడా అదే కనిపిస్తుంది నాకు. కుడి అంచు మీంచి నీళ్లొచ్చాయి. నా ఒళ్లోకే వచ్చాయి."

మోరాగ్ వంగి ఇంజను ఆపేసింది.

నిశ్శబ్దం దబ్బున పడింది. పడవ రెండు గజాలు తన ఊపున వెళ్లి నిలిచిపోయింది. నిలిచిందనుకుంటే పొరపాటు, సముద్రం వెనక్కి తీసే వేళ అది, నీరు మెల్లగా వాళ్లను రేవు నోటివైపు లాగుతోంది. అవతలి గట్టున చర్చి గంట మొదలైంది.

"ఏమైందండీ? చెడిపోయిందా?"

"లేదు. బాగానే ఉంది" అంది మోరాగ్. ఆమె గొంతులో కోపం లేదు. నెలల తరబడి గుండెల మీద ఉన్న బరువు ఎవరో చిటికెన వేలితో తీసి పక్కన పెట్టినట్టుంది ఆమెకు. "సార్జెంటు గారూ, ఆ తెడ్డు పట్టుకున్నది మా హెక్టర్ కాదు."

డన్నింగ్ మెడ ఇంకా ఎర్రబడింది. "నేను కళ్లారా చూశాను."

"మీరు చూసింది నిజమే. పడవ ఎడమకు తిరగడం నిజం. నీళ్లు మీ ఒళ్లోకి రావడం నిజం. అందుకే చెబుతున్నాను. సీల్ కోవ్‌లో పుట్టినవాడు పడవను ఎడమకు తిప్పడు. సూర్యుడు ఎటు తిరుగుతాడో పడవా అటే తిరగాలి. ప్రదక్షిణంగా, కుడికి. మా తాతలు స్కాట్లండు నుంచి తెచ్చుకున్నది ఇదొక్కటే, మిగతావన్నీ దారిలో అమ్ముకు తిన్నారు. రేవులోంచి బయల్దేరినప్పుడు మీరే అడిగారుగా, ఎందుకు చుట్టు తిరుగుతున్నారని."

డన్నింగ్ ఆమె వంక, చుక్కాని వంక చూశాడు. తరువాత నవ్వాడు. అది తెలివైన నవ్వే. అలాంటి మాటలు చాలా విన్న మనిషి నవ్వు.

"చూడండమ్మా. మీ బాధ నాకు అర్థమవుతుంది. కానీ మీరెప్పుడూ మరతుపాకీ ముందు కూర్చోలేదు. నది ఎడమకు పారుతోంది. భయపడ్డవాడు ఎవడైనా నీటివాలుకే తిప్పుతాడు. ఆ క్షణంలో తాతలూ సూర్యుడూ గుర్తుంటారా?"

మంచి మాటే. కోర్టులో అయితే నిలబడేది. మోరాగ్ నోరు తెరిచేలోపు ముందునుంచి రోరీ మాట్లాడాడు.

"వాడికి పద్నాలుగేళ్లప్పుడు" అన్నాడు ఆయన. "నేనూ వాడూ పీతల బోనులు తీయడానికి వెళ్లాం. ఉన్నట్టుండి గాలి లేచింది. తాడు తెగి తెరచాప దుంగ వచ్చి నా తలకు తగిలింది. పడవ అడుగున పడ్డాను. కళ్లు కనిపిస్తున్నాయి, కాళ్లూ చేతులూ లేవట్లేదు. వాడు చుక్కాని దగ్గర. కుడిపక్కన ముసల్దాని పన్ను అని ఒక రాయి ఉంది, అదుగో, ఇక్కడికి కనిపిస్తుంది. ఎడమపక్క అంతా ఖాళీ నీళ్లు, కావాలంటే ఓడను తిప్పుకోవచ్చు. వాడు ఏడుస్తున్నాడు. అమ్మా అమ్మా అంటున్నాడు. భయమంటే అదీ బాబూ, నువ్వు చెప్పే భయం. ఎటు తిప్పాడో చెప్పు."

డన్నింగ్ ఆ రాయివైపు చూశాడు.

"కుడికి. రాయి మీదికే. పడవ పక్క పలక పొడుగునా చీరుకుపోయింది. ఇంటికొచ్చాక, తల పగిలి ఉన్నా సరే, వాడి వీపు విమానం మోత మోగించాను. ఎడమకు ఎందుకు తిప్పలేదురా గాడిదా అని. వాడేమన్నాడో తెలుసా? 'ఎడమ ఉందని గుర్తు రాలేదు నాన్నా' అన్నాడు." రోరీ పైపును బూటు మడమకు కొట్టాడు. "బుద్ధి పనిచేసేటప్పుడు మావాడు ఎటైనా తిప్పేవాడేమో. చదువుకున్నాడు, మాలాగా మొద్దు కాదు. భయపడితే మాత్రం కుడికే. భయపడ్డవాడికి చేతులే తప్ప తల ఉండదు. ఆ చేతులకు నేర్పింది నేను."

గంట మోగుతూనే ఉంది. రేవు నోరు దగ్గరపడింది. అక్కడినుంచి పెద్ద సముద్రపు ఊపు మొదలవుతుంది. మొదటి పెద్ద అల పడవను ఎత్తి దింపింది. డన్నింగ్ మళ్లీ పలకను వాటేసుకున్నాడు.

"ఇంజను వెయ్యండి."

"వేస్తాను."

"మనం బయటికి కొట్టుకుపోతున్నాం. నాకు ఈత రాదు."

"మాకూ రాదు" అంది మోరాగ్. "ఇక్కడ ఎవరికీ రాదు. మిమ్మల్ని ముంచాలని కాదు సార్జెంటు గారూ. ఒకటే అడుగుతున్నాను. ఆ పడవ వెనక భాగంలో తెడ్డు అందేంత దగ్గర ఇద్దరే ఉన్నారని మీరే చెప్పారు. ఒకడు మా తమ్ముడు. వాడు తిప్పలేదు. రెండోవాడెవరు?"

రెండో అల వచ్చింది. మూడోది వచ్చింది. డన్నింగ్ మొహంలో సార్జెంటు పోయి, రైతు కుర్రాడు బయటికొచ్చాడు. మాట్లాడినప్పుడు గొంతు చాలా మామూలుగా ఉంది.

"మొదటి వరస గుళ్లకే పోయాడండీ మీవాడు."

మోరాగ్ చుక్కాని వదిలి ఆయనవైపు వంగింది.

"ఇక్కడ తగిలింది." మెడ కింద చూపించాడు. "నాకు తెలియలేదు. వెనక్కి తిరిగి అరిచాను, బాగా నడుపుతున్నావు అలాగే పోనివ్వు అని. పలకలేదు. కూర్చునే ఉన్నాడు. తెడ్డు చంకలో ఇరుక్కుని ఉంది, రెండు చేతులూ దాని మీదే బిగుసుకున్నాయి. కళ్లు తెరిచే ఉన్నాయి. మంచు కదా, చాలాసేపు చూస్తేగానీ... పోయాడని అర్థం కాలేదు. అప్పుడు నాకు భయం వేసింది. మరతుపాకీకి కాదండీ. శవం నడిపే పడవలో ఉన్నానని. తెడ్డు లాక్కున్నాను. చేతులు విడిపించడానికి బలం చాల్లేదు, వేళ్లు ఒక్కొక్కటి... లాక్కుని నేనే తిప్పాను."

"ఎడమకు" అంది మోరాగ్.

"ఎడమకే."

రోరీ అడిగాడు. "నువ్వు లాక్కునేదాకా పడవ ఎలా పోతోంది బాబూ?"

"నేరుగా అండీ. గీత గీసినట్టు పోతోంది."

రోరీ తల ఊపాడు. కొడుకు పరీక్ష ఫలితం విన్న తండ్రిలా, ఒక్కసారి. తరువాత మొహం సముద్రంవైపు తిప్పుకున్నాడు. ఆయన భుజాలు కదలడం మోరాగ్ చూసింది, చూడనట్టు ఉంది.

ఆమె ఇంజను చక్రం తిప్పింది. పడవ ముక్కును కుడికి తిప్పి, అల మీంచి ఒడుపుగా జార్చి, చర్చివైపు పెట్టింది.

"నాకు చెప్పింది అక్కడ చెప్పండి. ఒక్క మాట తగ్గించకుండా, ఒక్క మాట కలపకుండా. తరువాత మీ దారి మీది. మిమ్మల్ని ఎవరూ వేలెత్తి చూపకుండా నేను చూసుకుంటాను. బెదిరిన మనుషుల్ని చూడనివాళ్లం కాదు మేం."

"చెబుతాను" అన్నాడు డన్నింగ్. "కానీ చెబితే ఇంకొకటి కూడా చెప్పాల్సి వస్తుంది. అందుకే ఇన్నాళ్లూ..." బూట్లవైపు చూసుకున్నాడు. "అక్కడ విచారణలో, మునిగినవాళ్లంతా పోయారు, నేనొక్కణ్నే మిగిలాను అన్నాను. ఈత రానివాణ్ని ఎలా మిగిలానండీ? ఎవరూ అడగలేదు. బోర్లా పడ్డ పడవను ఒక చేత్తో పట్టుకుని, నన్ను జుట్టు పట్టి గట్టుకు లాగినవాడు ఒకడున్నాడు. నేను తెడ్డు లాక్కోవడం కూడా చూశాడు. 'సార్జెంట్, నువ్వు చేసింది నేను చెప్పను. నేను మునిగిపోయానని నువ్వు చెప్పు' అన్నాడు. ఇక యుద్ధం వద్దన్నాడు. తడి బట్టలతో పొలాలకు అడ్డంపడి నడిచి వెళ్లిపోయాడు. తరువాత వాడేమయ్యాడో నాకు తెలియదు."

"ఎవరు?"

"కాలిన్ మెకైజాక్."

చుక్కాని కర్ర మోరాగ్ చేతిలో ఒక్కసారి జారి మళ్లీ చేతికొచ్చింది. కాలిన్ బతికే ఉన్నాడు. హెక్టర్‌తో కలిసి బడి ఎగ్గొట్టినవాడు, ఆమె చేతి రొట్టెలు దొంగిలించినవాడు. పారిపోయిన సైనికుణ్ని ఏం చేస్తారో ఆమెకు తెలుసు. అయినా యుద్ధం అయిపోయింది. జైలు అయితే జైలు. జైలు నుంచి మనుషులు తిరిగి వస్తారు.

ఆమెకు ఒక్కటే కనిపించింది: సేడీ మొహం. ఆ వసంతం నుంచి నల్ల శాలువా తీయని సేడీ, రోడ్డు మీద ఎదురైతే పక్కకు ఉమ్మే సేడీ. అందరికంటే ముందు ఆమెకే చెప్పాలి, జనం మధ్యలో పిడుగులా పడకూడదు. చనిపోయిన నీ కొడుకు తిరిగి లేస్తాడన్న మాట ఏ తల్లికి ఎవరు చెప్పగలిగారు ఇంతవరకు? ఆ ఒక్క మాటతో రాయి మీద హెక్టర్ పేరూ పడుతుంది, రెండిళ్ల మధ్య గోడా కూలుతుంది. మోరాగ్ పెదవుల మీదికి నవ్వు వచ్చేసింది.

రేవు నిండా జనం. పాదిరీ తెల్లటి జుట్టు అందరికంటే పైన కనిపిస్తోంది. రేవు చివర, ఎవరికీ తగలకుండా ఒంటరిగా, సేడీ మెకైజాక్ నిలబడి ఉంది. మోరాగ్ పడవను చుట్టు తిప్పి తెచ్చి ఆమె కాళ్ల దగ్గరే ఆనించి, తాడు విసిరింది. శత్రువైనా సరే, విసిరిన తాడును సీల్ కోవ్‌లో ఎవరూ కింద పడనివ్వరు. సేడీ అందుకుంది.

మోరాగ్ నిచ్చెన ఎక్కి ఆమె పక్కన నిలబడింది. జనం ఇంకా దూరంగానే ఉన్నారు. ఆ నల్ల శాలువాకు దగ్గరగా వంగి, మెల్లగా, ఒక్కొక్క మాటా ఆమె చేతిలో పెడుతున్నట్టు చెప్పింది.

"సేడీ అత్తా, నిలదొక్కుకుని విను. మీ కాలిన్ పోలేదు. బతికే ఉన్నాడు."

సేడీ కూలిపోతే పట్టుకోవడానికి మోరాగ్ రెండు చేతులూ సిద్ధంగా పెట్టుకుంది.

సేడీ కూలిపోలేదు. ఏడవలేదు. ఎవరు చెప్పారని కానీ, నిజమా అని కానీ అడగలేదు. చేతిలోని తాడును స్తంభానికి రెండు చుట్లు చుట్టి, ముడి బిగించి, జనంవైపు ఒకసారి చూసి, పెదవులు కదపకుండా అంది.

"ఇంకెవరికి చెప్పావు?"